ఐదు వందల ప్లేట్లు

ఆ ఆదివారం ఉదయం ఫిజిక్సు మాస్టారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, బజారుకెళ్ళి గట్టి అల్మరా ఒకటి కొనడం, మధ్యాహ్నానికల్లా తన పాటల రికార్డులు అందులో సర్దేసి ఓ కునుకు తీయడం. ముందురోజే పాత అల్మరా నడుం విరిగి కూలిపోయింది. అదృష్టం బాగుండి రికార్డులన్నీ పక్కనున్న మంచం మీద పడ్డాయి కాబట్టి ఒక్కదానికీ గీత పడలేదు. మంచం పోయిన భార్య మాత్రం నేల మీద పడుకోవలసి వచ్చింది.

"నలభై ఏళ్ళు ఓపిక పట్టాను. గురువారంలోగా ఇవి నా మంచం దిగకపోతే, ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తా. తర్వాత చెప్పలేదనద్దు," అంది ఆవిడ నడుం పట్టుకుని.

ఆవిడ అన్నదంటే చేసే మనిషి. ఇలాగే అని ఆయన పాత సైకిలును ఎవరికో ఇచ్చేసింది కూడా. మాస్టారికి గుండె గుభేలుమంది. ఉద్యోగంలో చేరిన నెల నుంచి సినిమాలు మాని, చొక్కాలు మాని ఒక్కొక్కటే ఏరుకున్నవి అవి. పోతే ఇక బతికేం లాభం అనిపించింది.

బజారులో ఆయన ముందు లెక్క కట్టారు. అట్టతో సహా రికార్డు పావుకిలో. ఐదు వందలకు నూట పాతిక కిలోలు. నాలుగు అరలకు పంచితే అరకు ముప్ఫై పైచిలుకు. దేనికైనా రెండింతల భద్రత ఉండాలని ఆయన ముప్ఫై ఏళ్ళు పిల్లలకు నూరిపోశారు. ఆయన బరువు అరవై మూడు కిలోలు, కొలతకు సరిగ్గా సరిపోయింది.

"ఎంత బరువైనా మోస్తుంది సార్. రాయనుకోండి," అన్నాడు కొట్టు యజమాని.

మాస్టారు చెప్పులు విప్పి, కింది అర మీదికెక్కి బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. అర ఫట్‌మంది.

"కొనడానికొచ్చారా, కూలగొట్టడానికొచ్చారా?" అన్నాడు యజమాని. ఆ తర్వాత మాస్టారు ఇంటికొచ్చి, ఎవరో ఇచ్చిన నెంబరు తీసి వడ్రంగికి ఫోన్ చేశారు.

"బాబూ, ప్లేట్లు పెట్టుకోడానికి గట్టి స్టాండు కావాలి. ఐదొందలున్నాయి."

"ఐదొందలా!"

"అన్నీ పన్నెండంగుళాలవే. పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. ఒకదానికొకటి రాసుకోకూడదు."

"రోజూ వాడతారా మాస్టారూ?"

"రోజూ ఏమిటయ్యా, రెండు పూటలా! మనుషులు కూడా వస్తుంటారు."

"ఈ వయసులో భలే పని పెట్టుకున్నారండీ. బుధవారానికి తెచ్చేస్తా."

చిక్కంతా అక్కడే వచ్చింది. మాస్టారు పుట్టి బుద్ధెరిగాక వాటిని రికార్డులని ఎన్నడూ అనలేదు. ఆయన చిన్నతనంలో అందరూ పాటల ప్లేట్లనే అనేవారు. కుర్ర వడ్రంగికి తెలిసిన ప్లేటు ఒకటే, అన్నం తినేది.

మర్నాడు మెట్ల వెడల్పు కొలవడానికి వచ్చిన వడ్రంగి, కింద ఉండే ఇంటి ఓనరుకు విషయం చెప్పాడు. పై వాటాలో మాస్టారు మెస్సు పెడుతున్నారట, ఐదొందల ప్లేట్లట! ఓనరేమో భార్య పోయిన ఒంటరి మనిషి, నవ్వడం ఎవరూ చూడలేదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే, 'వ్యాపారం పెట్టారా, సామాను వీధిలో ఉంటుంది' అని చెప్పి మరీ ఇచ్చాడు. వడ్రంగి మాటకు "ఊఁ" అని మాత్రం అన్నాడు.

బుధవారం స్టాండు పైకెక్కింది. వడ్రంగి వెనకే మాస్టారి భార్య కూరల సంచీతో ఊడిపడింది. ముఖం జేవురించి ఉంది.

"ఇంతమందికి ఒక్క చేత్తో ఎలా వండుతారమ్మా అని మెట్ల మీద నన్నడుగుతున్నాడు! నాతో ఒక్క మాటైనా అనకుండా ఐదొందల మందికి వంట ఒప్పుకున్నారా?"

"వంటేమిటే? ఇది నా ప్లేట్లకి!"

"ప్లేట్లా?" ఆవిడకు వెలిగింది. "ఖర్మ! వాడితో ప్లేట్లన్నారా?"

మాస్టారు వినడం లేదు. స్టాండు చుట్టూ తిరుగుతున్నారు. వరసగా గళ్ళు, గడికి ఒకటి. ఓ రికార్డు పెట్టి చూస్తే కొలిచి కోసినట్టు సరిపోయింది. పైకెక్కి కూర్చున్నా కిర్రుమనలేదు.

"అడుగున ఈ కన్నాలేమిటయ్యా?"

"నీళ్ళు కారడానికండీ," అన్నాడు వడ్రంగి అయోమయంగా.

ఇంతలో గుమ్మంలో ఓనరు నిలబడ్డాడు.

"మెస్సు పెడుతున్నారట."

"అబ్బెబ్బే! ఒట్టండీ, వ్యాపారం కాదు. ఇవి పాటల ప్లేట్లు. కావాలంటే చూడండి, నూట పాతిక కిలోలూ పాటలే!" అన్నారు మాస్టారు.

ఓనరు ముఖం వాడిపోయింది.

"మెస్సు లేదా? మూడేళ్ళుగా కింద రొట్టె ముక్కలు తింటున్నాను మాస్టారూ. మొదటి ప్లేటు నాకే అడుగుదామని వచ్చాను." ఆ వెంటనే ఓనరుకు ఆ బరువు మాట తలకెక్కింది. "నూట పాతిక కిలోలా? నా స్లాబు మీదా? రేపటికల్లా తీసేయండి. లేదా మీరే ఖాళీ చేయండి."

మాస్టారు చేతిలో ఉన్న రికార్డును గుండెకు హత్తుకుని, బడిలో తప్పు చేసి దొరికిన పిల్లాడిలా నిలబడిపోయారు. ఆయన్ని అలా చూసి ఆవిడ సంచీ కింద పెట్టింది.

"ఆగండి అన్నయ్యగారూ. మెస్సు లేదని ఈయనంటే సరా, వండేదాన్ని నేను. ఉంది. ఒక్క మనిషికే. రేపు పన్నెండున్నరకి రండి. మరి స్లాబు మోయదంటే..."

ఓనరు మడమతో నేలను ఓసారి తట్టి చూశాడు.

"స్లాబుకేమమ్మా, గట్టిదే. దగ్గరుండి పోయించాను," అని దిగిపోయాడు.

"నీకివంటే పడదు కదే," అన్నారు మాస్టారు.

"ఇవంటే పడదు. మీరంటే పడి చచ్చాను, ఏం చేయను! వంట నాది. వడ్డనా అంట్లూ మీవి. ముందు నా మంచం ఖాళీ చేయండి."

గురువారం పన్నెండున్నరకు ఓనరు వచ్చి కూర్చున్నాడు. మాస్టారు కొసరి కొసరి వడ్డించి, ఆనందం పట్టలేక ఐదు వందల్లోకీ ప్రాణప్రదమైన రికార్డు తీసి, తుడిచి, పాట పెట్టారు. ఓనరు నాలుగు ముద్దలు తిని కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు ఆశగా ముందుకు వంగారు.

"భోజనం అమృతమమ్మా," అన్నాడు ఓనరు. "మాస్టారూ, ఆ చప్పుడొక్కటి కాస్త ఆపుతారా?"

మాస్టారు పాట ఆపి, మంచినీళ్ళు పోశారు.