మహాయంత్రానికి నాయనమ్మ మాటసాయం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: నాయనమ్మ, అమ్మ, అన్నయ్య, చెల్లెలు. హాల్లో టీవీ తెర మీద నిలబడి ఉన్న మహాయంత్రాన్ని కూడా కలిపితే అయిదుగురు. అన్నయ్య కలిపేవాడు.

అది రోబోల యుద్ధం ఆట. మొదటి భాగంలో రోబోలు అగ్గిపెట్టెల్లా ఉండేవి. రెండో భాగంలో శత్రువుతో మాట్లాడే వీలు వచ్చింది. మూడో భాగం నుంచి రోబోను లోపల కూర్చుని నడిపే పైలట్ చస్తే మళ్ళీ లేవడు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగోది. మొదటి నుంచీ అన్నయ్య మహాయంత్రాన్ని నడిపే ఒకే పైలట్‌ను ప్రాణాలతో కాపాడుకుంటూ వస్తున్నాడు. రాబోయే అయిదో భాగంలోకి అతన్ని దాటించాలన్నదే అతని కోరిక.

ఉదయం డ్రైవింగ్ పరీక్షకు వెళ్తూ చెల్లెల్ని టీవీ ముందు కూర్చోబెట్టాడు.

"మధ్యలో ఆపేస్తే అంతా పోతుంది. మనం కదిలేదాకా శత్రువులూ కదలరు. నేనొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

ఆమె తలూపింది. ఎవరినైనా వద్దనడం ఆమెకు చేతకాదని ఇద్దరికీ గుర్తు రాలేదు.

కాసేపటికి నాయనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చింది.

"వీడొక్కడూ, చుట్టూ ఇంతమందా? పాపం, ఎంతసేపని నిలబడతాడే?"

"అన్నయ్య వచ్చి వాళ్ళని కొట్టేస్తాడు నాయనమ్మా."

"కొట్టడమెందుకు? ఇక్కడ 'మాట్లాడు' అని ఉందిగా?"

"అది... అన్నయ్య వాడడు."

"మీ అన్నయ్య మనుషులతోనే సరిగ్గా మాట్లాడడు. పోరు నష్టం, పొందు లాభం," అంటూ నాయనమ్మ నొక్కేసింది.

ఏం మాట్లాడాలో తెర అడిగింది. గౌరవం, ప్రతీకారం లాంటివి వదిలేసి, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నదాన్ని నాయనమ్మ ఎంచుకుంది. శత్రు సేనాని కత్తి దించి ఇటువైపు వచ్చేశాడు.

గరిటెతో అమ్మ వచ్చింది. "అత్తయ్యా, ఆ ఎర్రదాన్ని పలకరించండి. చూస్తుంటే అలిగి వెళ్ళినదానిలా ఉంది."

ఎర్ర రోబో కూడా వచ్చేసింది. వంటింట్లో కూర మాడింది, ఎవరూ లేవలేదు. చెల్లెలు "వద్దు" అనడానికి నోరు తెరిచేది. అంతలో ఇంకో దళం చుట్టమైపోయేది. చివరికి శత్రు చక్రవర్తి కూడా లొంగాడు.

అన్నయ్య తిరిగొచ్చేసరికి తెర మీద యుద్ధం ముగిసింది. పైలట్ యంత్రం దిగి, హెల్మెట్ తీసి, నడుచుకుంటూ ఇంటికి పోతున్నాడు. ఇక ఏ యుద్ధానికీ రాడని కింద రాసి ఉంది. అన్నయ్య అతని మొహం చూడటం అదే మొదటిసారి. జుట్టు నెరిసిపోయింది.

అన్నయ్య తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"చంపలేదురా," అంది నాయనమ్మ మెల్లగా. "ఇంటికి పంపాను."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఇలాంటి ముగింపు ఉందని ఎవరికీ తెలీదు నాయనమ్మా. పద, నా గదిలో మూడో భాగం పెడతాను. అందులో ఒక రాక్షసుడు ఎన్నాళ్ళుగానో నన్ను ఏడిపిస్తున్నాడు."

"వాడికి పెళ్ళయిందా?" అంటూ నాయనమ్మ లేచింది. వెనకే అమ్మ. ఆ వెనక చెల్లెలు. గుమ్మంలో అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వాగు. కాపలా పెడితే శత్రువులందర్నీ చుట్టాల్ని చేయించావు."

తలుపు మూశాడు. నాలుగు భాగాల యుద్ధం మొత్తానికి శిక్ష పడింది ఆమె ఒక్కదానికే.