ముళ్ళ మీదనే చూపు

బందు మొదలయ్యేలోపు ఊరు దాటాలన్నది ఆ పొద్దుటి పథకం. ఉద్యమకారులు రోడ్డెక్కేది టీలు తాగాకే కాబట్టి, తెల్లారగానే స్కూటరు తీస్తే మధ్యాహ్నానికి ముందే హైదరాబాద్ శివారులోని ఫ్లయింగ్ క్లబ్‌కు చేరవచ్చని సిద్దిపేట టైలర్ గఫూర్ అనుకున్నాడు. అక్కడ అతని కూతురు ఫరీహాకు పరీక్ష ఉంది. సొంతంగా విమానం నడిపే లైసెన్సు ఆమెకు అప్పటికే వచ్చింది. కానీ అది ఆకాశం తేటగా ఉన్నప్పుడే పనికొస్తుంది. మబ్బుల్లో, బయట ఏమీ కనబడనప్పుడు, ఎదుట ఉన్న మీటర్ల ముళ్ళను మాత్రమే చూస్తూ నడపాలంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అనే మరో అర్హత కావాలి. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మె మూలంగా ఆ పరీక్ష వాయిదా పడుతూ వచ్చింది. ఆమె పాసైన రాతపరీక్షకేమో ఆ నెలాఖరుతో గడువు తీరిపోతుంది. ఢిల్లీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ సాయంత్రమే తిరిగి వెళ్ళిపోతాడు. ఈ అవకాశం తప్పితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

అంత తొందరలోనూ ఫరీహా చివరిసారి సాధన చేయాలనుకుంది. అదే కొంప ముంచింది. వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎదుట స్టూలు మీద అట్టపై గీసిన మీటర్లు పెట్టుకుని, తండ్రి కుట్టిన టోపీ తొడుక్కుంది. దాని ముందున్న నల్లగుడ్డ కనుబొమల మీదుగా దిగి లోకాన్నంతా మూసేస్తుంది. కింద ఉన్న మీటర్లు మాత్రం కనబడతాయి. తల్లి రబియాబీ కుడికి, ఎడమకు అని చెబుతుంటే ఆమె లేని విమానాన్ని తిప్పుతోంది. అప్పుడే పక్కింటి అంజవ్వ కుట్టిన జాకెట్టు కోసం వచ్చి, పలకరించినా పిల్ల తల తిప్పకపోవడం చూసి ఆశ్చర్యపోయింది.

"గింత దగ్గర నిలబడ్డ, కనపడ్తలేనా బిడ్డా?"

"లేదత్తా. నాకిప్పుడు ముళ్ళు తప్ప ఏం కనపడ్తలేవు," అంది ఫరీహా, ఎడమకు తిరుగుతూ.

అంజవ్వ జాకెట్టు మాట మరచిపోయి వెనక్కి నడిచింది. కంట్లో ముల్లు పడ్డవాళ్ళను పత్తి చేలల్లో ఆమె చూసింది. రెండు కళ్ళలోనూ పడ్డవాళ్ళను చూడలేదు. చౌరస్తాలోని దీక్షా శిబిరంలో కూర్చున్న భర్త ఐలయ్యకు ఆ సంగతి చెబుతూ బొటబొటా కన్నీళ్ళు కార్చింది.

ఫరీహాను వెనక కూర్చోబెట్టుకున్న గఫూర్ స్కూటరు చౌరస్తా చేరేసరికి దారి మూసుకుపోయి ఉంది. ఆ రోజు టీలు కూడా రోడ్డు మీదే కాచుకుంటున్నారు. ఐలయ్య ఎదురొచ్చి స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"గఫూర్ భాయ్, కండ్లు పోయిన పిల్లను స్కూటర్ మీద తీస్కపోతవా? దవాఖానకు పోయే బండిని మేం ఆపుతమా?"

ఎవరి కళ్ళు పోయాయని అడగబోయి గఫూర్ నోరు తెరిచాడు. ఈలోగా ఐలయ్య, ఇవ్వాళ రోగులు తప్ప ఎవరూ కదలడానికి లేదని, ఇందాకే ఒక పెళ్ళికొడుకును వెనక్కి పంపామని చెప్పాడు. ఫరీహా ఆ మాట విన్నది. సంచిలోంచి టోపీ తీసి మెల్లగా తొడుక్కుంది. గఫూర్ తెరిచిన నోరు మూసుకున్నాడు.

శిబిరం వాళ్ళే జీపు ఏర్పాటు చేశారు. ప్రతి చోటా తనను గుర్తుపడతారని ఐలయ్య కూడా ఎక్కాడు. కుకునూరుపల్లిలో వంటా వార్పూ కోసం రోడ్డు మధ్య పెట్టిన పొయ్యిలను పక్కకు జరిపి దారి ఇచ్చారు. ప్రజ్ఞాపూర్ దగ్గరకొచ్చేసరికి ఆమె విమానంలోంచి ముళ్ళకంపలో పడిందని చెప్పుకుంటున్నారు. ఒక ముసలామె కొంగును నోటి ఆవిరితో వెచ్చజేసి నల్లగుడ్డ మీంచే ఫరీహా కళ్ళకు అద్దింది. టోపీ కింద ఫరీహాకు తన ఒళ్ళో చేతులు తప్ప ఏమీ కనబడటం లేదు.

గఫూర్ చెప్పిన దారిన జీపు దవాఖానకు గాక ఫ్లయింగ్ క్లబ్‌కు పోయేసరికి ఐలయ్య మండిపడ్డాడు. తండ్రికి బాధతో మతి పోయిందనుకుని నేరుగా ఎగ్జామినర్ దగ్గరకు నడిచాడు. ఈ పిల్లకు కళ్ళు కనబడవని, మీరైనా దవాఖానకు పంపమని వేడుకున్నాడు. ఫరీహా టోపీ పీకేసి, తనకు అన్నీ కనబడుతున్నాయని చెప్పి, దూరంగా గోడ మీదున్న రాతను కూడా గడగడా చదివింది.

ఐలయ్య ఎగ్జామినర్‌ను వదిలి ఆమె వైపు తిరిగాడు.

"మావోళ్ళు పొయ్యిల మీది అన్నం దించి నీకు తొవ్వ ఇచ్చిన్రు బిడ్డా," అన్నాడు.

ఫరీహా టోపీని సంచిలో కుక్కింది. ఎగ్జామినర్‌కు మాత్రం సందేహం పట్టుకుంది. పొద్దున లేని చూపు మధ్యాహ్నానికి వచ్చిందంటే తాను నమ్మలేనని, కంటి డాక్టర్ రాసిస్తేనే విమానం ఎక్కిస్తానని తేల్చేశాడు.

కంటి దవాఖానలోనూ సమ్మే. అత్యవసరమైతేనే లోపలికి. చూపు బాగుందని రాయించుకోవడానికి వచ్చామంటే, బాగుంటే సమ్మె అయ్యాక రమ్మన్నారు. గఫూర్ గేటు పట్టుకుని నిలబడిపోయాడు. అప్పటిదాకా జీపు దగ్గరే ఉన్న ఐలయ్య ముందుకొచ్చాడు. ఉద్యమ కండువా సర్దుకుని, ఈమెకు చూపు పోయిందని, సిద్దిపేట నుంచి తానే తీసుకొస్తున్నానని చెప్పాడు. ఈసారి ఆయన తెలిసే చెప్పాడు.

చూపు పోయిన మనిషి కళ్ళలో ఏ లోపమూ కనబడక డాక్టర్ కంగారుపడ్డాడు. చుక్కలు వేసి, మళ్ళీ వేసి, లైటు పెట్టి కంటి లోపలిదాకా చూశాడు. చూపు నిక్షేపంగా ఉందని రాసిచ్చాడు. ఆ కాగితం చదువుకుందామని ఫరీహా చూస్తే అక్షరాలన్నీ తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. చుక్కల వల్ల కంటిపాప విచ్చుకుందని, రేపటిదాకా దగ్గరివి కనబడవని, భయమేమీ లేదని డాక్టర్ చెప్పాడు.

క్లబ్‌లో ఎగ్జామినర్ ఆ కాగితం చదివి, తృప్తిపడి విమానం ఎక్కాడు. ఫరీహా పక్కన కూర్చుంది. అద్దంలోంచి దూరపు గుట్టలు, కంచె దగ్గర నిలబడ్డ తండ్రి, ఐలయ్య, అందరూ కనబడుతున్నారు. ఎదుట ఉన్న మీటర్లు మాత్రం కడిగి బోర్లించిన పళ్ళాల్లా ఉన్నాయి. ఒక్క మాట మింగేస్తే చాలు, విమానం లేస్తుంది. ఆమె కంట్రోళ్ళ మీంచి చేతులు తీసేసింది.

"సార్, నాకు ముళ్ళు కనపడ్తలేవు."

డాక్టర్ మరోలా రాశాడని అతను గుర్తుచేశాడు.

"ఆయన రాసింది నిజమే సార్. నేను చెప్పేది కూడా నిజమే."

అతను ఇంజిన్ ఆపేశాడు. మంచి పైలట్ చెప్పాల్సిన మాటే చెప్పిందని మెచ్చుకున్నాడు. గడువు పొడిగించడం మాత్రం తన చేతిలో లేదన్నాడు.

పొద్దుగూకేవేళ జీపు సిద్దిపేట చౌరస్తాలో ఆగింది. తండ్రి చెయ్యి పట్టుకుని, అడుగు తడుముకుంటూ దిగిన ఫరీహాను చూసి శిబిరమంతా లేచి నిలబడింది. డాక్టర్ ఏమన్నాడని ఐలయ్యను అడిగారు. రేపటికి తగ్గుతుందన్నాడని చెప్పి ఆయన చాప మీద తన చోట్లో కూర్చున్నాడు.

బందు సంపూర్ణంగా విజయవంతమైందని ఆ రాత్రి వార్తల్లో చెప్పారు.