మిగిలిన మార్కులు

ఆ శనివారానికి నెహెమ్యా వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పొద్దున ఆసుపత్రిలో మందుల గది తెరవాలి. పది గంటలకు బడికి పోయి కూతురు గ్లోరీ మార్కులు రాసిన ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం తెచ్చుకోవాలి. సాయంత్రం ఇంటి ముందు పందిట్లో కృతజ్ఞతా కూడిక, ఆపైన బెల్లం పాయసం. ఫలితం చూడకముందే కృతజ్ఞత ఏమిటని అడిగినవాళ్ళకు, విశ్వాసమంటే అదేనని జవాబు చెప్పాడు.

మదనపల్లె మిషను ఆసుపత్రిలో అతను ఇరవై ఏళ్ళుగా కాంపౌండరు. తల్లి మారెమ్మ చౌడేపల్లె చేలల్లో కలుపు తీసి చదివించిన కొడుకు. గ్లోరీకి కాలేజీ అర్హత వస్తే కుప్పంలో మేనత్త రూతు ఇంట్లో ఒక రాత్రి ఆగి, అక్కడే రైలెక్కి మద్రాసు పోతుంది. రాకపోతే పుంగనూరు మేనమామ ప్రసాదరావు చౌడేపల్లె చిన్నబడిలో చూసిపెట్టిన పని ఉండనే ఉంది. డాక్టరు కావాలనుకుంటున్న గ్లోరీ, ఆ పని మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేది.

బడి గుమాస్తా పుస్తకం చేతికిచ్చి, సంతకం చేయించుకుని, వెనక ఉన్నవాణ్ణి పిలిచాడు. నెహెమ్యా ఒక పక్కకు పోయి దాన్ని తెరిచాడు. అతని కాంపౌండరు సర్టిఫికెట్టు మీద పాసు అనే మాట ఇంత లావు అక్షరాల్లో ఉంటుంది. ఈ పుస్తకంలో ఆ మాట అట్ట నుంచి అట్ట దాకా వెదికినా దొరకలేదు. ఉన్నవల్లా అంకెలే, ఒక్కో సబ్జెక్టుకు రెండేసి. పైన సన్నటి అక్షరాల్లో ఏదో అచ్చువేశారు గాని, కళ్ళజోడు మందుల గదిలో ఉండిపోయింది.

రెండు వరుసల అంకెలు కనబడితే ఏం చేయాలో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మందుల స్టాకులో మొదటి వరుస వచ్చినది, రెండోది ఖర్చయినది, తీసివేయగా మిగిలేది మన దగ్గరున్నది. ఇంగ్లీషు యాభై రెండులో ముప్పై తొమ్మిది పోతే పదమూడు. లెక్కల్లో తొమ్మిది. నెహెమ్యాకు ఏడుపొచ్చినంత పనైంది. బిడ్డతో ఈ మాట ఎలా చెప్పడం?

దారిలో పాస్టరు జయరత్నం ఎదురయ్యాడు.

"కూడిక ఈ పొద్దు వద్దయ్యగారూ," అన్నాడు నెహెమ్యా.

"యాల?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "పాపకు జరం."

"ఎంత ఉండాది?"

కాంపౌండరు అన్నాక అంకె చెప్పక తప్పదు. "నూట మూడు."

"అట్లయితే కూడిక మానేది యాల? దాన్నే ఉపవాస ప్రార్థన చేద్దాం. ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా చూస్తా," అని పాస్టరు గబగబా వెళ్ళిపోయాడు.

నెహెమ్యా ఇల్లు చేరేసరికి నూట మూడు డిగ్రీల జ్వరంతో ఉన్న గ్లోరీ పాట పాడుకుంటూ మురుకులు కాలుస్తోంది.

"పోయి పండుకో మా."

"యాల నాయినా? నా పుస్తకం యాడ?"

నెహెమ్యా ఆమెను చెయ్యి పట్టి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టి, "నోరు తెరువు," అని థర్మామీటరు నాలుక కింద పెట్టేశాడు. బిడ్డ నోరు మూయించడానికి అంతకంటే మంచి ఉపాయం తోచలేదు. వాకిట్లో చెప్పుల చప్పుడైంది. చేతిలోని పుస్తకాన్ని గాభరాగా ఆమె తలగడ కిందే దూర్చాడు.

పాస్టరు వెంట వచ్చిన జనంతో గదంతా నిండిపోయింది. పుంగనూరు బస్సు దిగి విందుకొచ్చిన ప్రసాదరావు సంగతి విని, "నూట మూడంటే ఊరుకుండేదా బావా? మీ ఆసుపత్రి డాక్టరమ్మను పిల్చుకొస్తా," అని ఆగకుండా పరుగెత్తాడు.

"మందేమైనా ఇస్తివా?" అని పాస్టరు అడిగాడు. ఇవ్వకపోతే అనుమానమొస్తుంది. యుద్ధం పుణ్యమా అని చలిజ్వరం మందు క్వినైను దొరకని రోజులవి. అవసరానికని ఆసుపత్రి నుంచి తెచ్చి దాచి ఉంచిన సీసాలోంచి నెహెమ్యా ఒక మోతాదు వంచి, థర్మామీటరు తీసి, గ్లోరీ నోట్లో పోశాడు. ఆ చేదుకు ఆమెకు మాట పడిపోయింది.

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. తల కింద ఏదో గట్టిగా ఒత్తుతుంటే గ్లోరీ లాగి చూసింది. పేజీ తిప్పింది. ప్రార్థన మధ్యలో పకపకా నవ్వింది.

"జరం తలకెక్కింది రా నా బిడ్డకు," అని మారెమ్మ గుండెలు బాదుకుంది. గ్లోరీ లేచి కూర్చుని ఏదో చెప్పబోయింది. నెహెమ్యా థర్మామీటరు మళ్ళీ పెట్టేశాడు.

అంతలో డాక్టరమ్మ వచ్చి, దాన్ని తీసి చూసింది. "తొంభై ఎనిమిది. ఎవరికి జబ్బు?"

"నాకు గాదు డాక్టరమ్మా, నాయినకు," అని గ్లోరీ పుస్తకం చాపింది.

నెహెమ్యా తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. "పాసు అనే మాటే లేదమ్మా. తీసేస్తే పదమూడు, తొమ్మిది మిగిలినాయి."

"లెక్క సరిగ్గానే చేసినావు నాయినా," అంది గ్లోరీ. "రెండో వరుస ఖర్చు గాదు. మద్రాసు రాజధాని జిల్లాలన్నిట్లో పరీక్ష రాసినోళ్ళందరి సరాసరి. వాళ్ళకన్నా నాకు ఇంగ్లీషులో పదమూడు ఎక్కువ, లెక్కల్లో తొమ్మిది ఎక్కువ. కాలేజీకి కావాల్సినవన్నీ దాటినా."

డాక్టరమ్మ పేజీ చూసి తల ఊపింది. "నెహెమ్యా, మన జ్వరం చార్టు మీద రోగి బతికి ఉన్నాడని ఎక్కడన్నా రాస్తామా? అంకెలు చూసి తెలుసుకుంటాం. ఇదీ అంతే. సరే, ఆ క్వినైను స్టాకులో ఏమని రాస్తావో ఆలోచించుకో."

క్వినైను సంగతి నెహెమ్యా చెవికెక్కలేదు. కూతురి తల నిమురుతూ నిలబడ్డాడు. కలుపు తీసిన మారెమ్మ మనవరాలు మద్రాసు కాలేజీకి పోతుందన్న సంతోషంలో అతనికి కన్నీళ్ళు ఆగలేదు. చౌడేపల్లె పని వేరే ఎవరికైనా చూస్తానని ప్రసాదరావు తనంతట తానే అన్నాడు.

"నూట మూడు తొంభై ఎనిమిదికి దిగినాది. ప్రార్థన ఊరికే పోలేదు," అని పాస్టరు ఉపవాసం విరమింపజేశాడు. కాదనబోయిన నెహెమ్యా మురుకుల గంప అందుకుని అందరికీ పంచాడు.

రెండోసారి అడిగి పోయించుకోనివాళ్ళు లేరు, పాయసం అంత బాగా కుదిరింది. గ్లోరీ నాలుకకు మాత్రం అది క్వినైనులాగే ఉంది.