జాబ్రియా కౌబాయ్‌లు

కౌబాయ్ పగ వంటి నాగరికమైన సంగతి లోకంలో మరొకటి లేదని ప్రమాణం చేసి చెబుతాను. నవ్వకండి! పగ ఉన్న ఇద్దరూ టైము చెప్పుకుని వీధిలోకి వస్తారు. ఊరి జనం తలుపులేసుకుని ఇళ్ళలో కూర్చుంటారు. ఈలపాట మొదలవుతుంది. ఒకడు పడతాడు, మరొకడు గుర్రమెక్కి పోతాడు. మూడోవాడి చొక్కా నలగదు. ఇంత మర్యాద ఏ దేశపు చట్టంలో ఉంది చెప్పండి?

ఈ మర్యాదను కువైట్‌లో పాటించినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. జాబ్రియాలో ఒకే ఇంట్లో పనిచేసే వంటమనిషి నాగన్న, డ్రైవర్ పెద్దన్న. ఒకరిది రాజంపేట పక్క, మరొకరిది రాయచోటి పక్క. 1990 జూలైలో యజమాని కుటుంబం ఎండలు తట్టుకోలేక లండన్ వెళ్ళింది. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరూ, ఒక వీడియో ప్లేయరు, ఒకే ఒక్క కౌబాయ్ సినిమా. పెద్దన్న దాన్ని పదకొండుసార్లు చూశాడు.

నాగన్నకు సినిమాలు పట్టవు. ఆయన ఆస్తి ఒక టేప్‌రికార్డరు, అందులో కూతురు వెంకటేశ్వరి మాటలు నింపి ఇంటినుంచి పంపిన క్యాసెట్టు. ఆ రోజుల్లో మనవాళ్ళ ఉత్తరాలు అవే కదా! మూడేళ్ళుగా చూడని పిల్ల. ఒక పక్క విని కళ్ళు తుడుచుకుని, రెండో పక్క వినాయక చవితికి విందామని దాచుకున్నాడు.

పెద్దన్న ఆ టేప్‌రికార్డరును టీవీ ముందు పెట్టి, సరిగ్గా ఆ రెండో పక్కన ఆఖరి కాల్పుల ఈలపాట రికార్డు చేసుకున్నాడు.

"విన్న ఉత్తరమే గదప్పా అనుకుంటి," అన్నాడు.

"ఆ పక్క నేనింకా విననే లేదురా!" అన్నాడు నాగన్న.

తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ పదకొండుసార్లు చూసిన సినిమాలో ఎవరూ ఎవరికీ ఆ మాట చెప్పలేదు. పెద్దన్న మాత్రం ఏం చేస్తాడు పాపం!

మరో క్యాసెట్టు తెప్పించుకోవచ్చు కదా అంటారా? ఆగస్టు రెండో తారీఖు తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. ఫోన్లు పోయాయి, పోస్టు పోయింది. బిడ్డ గొంతు వినే దారి ఇక లేదు. నాగన్న వారం రోజులు ఒక్కడికే వండుకుని, ఆపైన ముహూర్తం పెట్టాడు.

"రేపు పన్నెండు గంటలకు గేటు ముందర నిలబడు. నిన్ను ఇడిసిపెట్టేది లేదు."

ఆయన చేతిలో చపాతీ కర్ర. పెద్దన్న చేతిలో వీల్ స్పానర్. పద్ధతి తప్పకూడదు కనుక పెద్దన్న టేప్‌రికార్డరు గోడమీద పెట్టి ఈలపాట కూడా వేశాడు. సినిమాలో ఐదు నిమిషాలు కళ్ళలోకి చూసుకుంటారు. జాబ్రియా ఎండలో రెండు నిమిషాలకే ఇద్దరి చెప్పులూ తారుకు అంటుకున్నాయి.

అప్పుడే సైనికుల ట్రక్కు ఆగింది. ఒకడు దిగి నిజం తుపాకి ఎత్తాడు.

గొడవ అయిపోయిందని చెప్పడానికి నాగన్న పెద్దన్న వైపు చెయ్యి చూపించి "ఖలాస్! ఖలాస్!" అన్నాడు. అరబ్బీలో దానికి అర్థం అయిపోయిందని. మన పక్క దాని అర్థం మీకు వేరే చెప్పాలా? తుపాకి చూసిన భయంలో అరబ్బీ మరిచిపోయి, తనను లేపేయమంటున్నాడనుకుని పెద్దన్న మోకాళ్ళమీద పడ్డాడు.

"నన్ను చంపియ్యొద్దు నాగన్నా! చెరిపేముందు నీ బిడ్డ మాటలన్నీ నేను విన్నా! మేక ఈనిందంట. ఒక పిల్లకు నీ పేరే పెట్టిందంట. అది బలే మొండిదంట. బిన్నా రా నాయనా, తొందరగా రా అనింది!"

నాగన్న తుపాకి సంగతే మరిచిపోయి, కర్ర పారేసి, ఆ కాలే రోడ్డుమీదే కూలబడి ఏడ్చాడు. "ఇంకోసారి చెప్పు," అన్నాడు. సైనికుడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈలపాటతో సహా టేప్‌రికార్డరు తీసుకుని ట్రక్కెక్కాడు.

ఇక చూడండి పగవాడి వల్ల మేలు! కువైట్ వదిలి ఇంటికి బయల్దేరిన దారిలో, బస్రా మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా బస్సుల్లో, ఎడారి డేరాల్లో, నీళ్ళు దొరికితే మొదటి గుక్క పెద్దన్నకే. వాడు పోతే బిడ్డ మాటలు పోతాయి కదా! ప్రతి సాయంత్రం నాగన్న అడిగేవాడు, పెద్దన్న చెప్పేవాడు. చెప్పేకొద్దీ మేకపిల్ల చేష్టలు పెరుగుతూ పోయాయి.

అమ్మాన్‌లో విమానమెక్కి ఇల్లు చేరాక నాగన్న అడిగిన మొదటి ప్రశ్న, "మేకపిల్ల యాడుందమ్మా?"

"మనకు మేకలు యాడివి నాయనా? రెండో పక్క నేను పాట పాడింటి," అంది వెంకటేశ్వరి.

నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. సినిమాలో పగ ఉన్నవాళ్ళు వీధిలో నిలబడతారు, జనం ఇళ్ళలో ఉంటారు. ఆ ఆగస్టులో పగ ఉన్నవాళ్ళు మేడల్లో ఉన్నారు, వీధిలో ఉన్నది మనం. ఆ పెద్దమనుషులను ఒక్క మధ్యాహ్నం, చెరో చపాతీ కర్ర ఇచ్చి, ఆ తారుమీద నిలబెట్టి ఉంటే ఎంత బాగుండేది!

నాగన్న మాత్రం పగ వదల్లేదు. ఆ వారమే సంతకు పోయి ఒక మేకపిల్లను కొన్నాడు. దానికి పెద్దన్న అని పేరు పెట్టి, నీళ్ళు ముందు దానికే పెడుతున్నాడు.