కొంగు మీద హోంపేజీ

సుచిత్ర హిందూపురంలో కూర్చుని గీసిన వెబ్‌సైటు హోంపేజీ, ధర్మవరంలో ఎర్రప్ప మగ్గం మీద మూరెడు పొడవున జరీతో నేసి ఉంది.

ఆ పొద్దున ఆమె అనుకున్నది చిన్న పని. రైల్లో ధర్మవరం వచ్చి, సావుకారు చెన్నకేశవులు మగ్గాలకు నాలుగు ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నం బండికి తిరిగి పోవడం. ఆయన పట్టుచీరల అంగడికి వెబ్‌సైటు చేయడం ఆమె సొంతంగా పట్టిన మొదటి పని. ఇల్లు కట్టే ముందు ముగ్గు పోసినట్టు, బ్రౌజర్లో తెరుచుకునే ఒక టూల్లో బూడిదరంగు గళ్లతో నమూనా గీసింది. దాన్ని వైర్‌ఫ్రేమ్ అంటారు. ఫొటో రావలసిన చోట పెద్ద గడి, దానికి మూల నుంచి మూలకు రెండు గీతలు, మధ్యలో ‘ఇక్కడ ఫొటో’ అనే మాట.

ఆ గడీ, ఆ గీతలూ, ఆ మాటా ఇప్పుడు ఎర్రపట్టు కొంగు మీద తళతళలాడుతున్నాయి.

“నన్నడగొద్దు,” అన్నాడు ఎర్రప్ప ముందే. “అట్టలంగడి నుంచి, బొమ్మకు తగినట్టు తూట్లు గుద్దిన అట్టలు తెచ్చిచ్చినారు. మగ్గం పైనుండే జకార్డుకు కట్టినా, నేసినా. ‘ఇక్కడ ఫొటో’ అంటే యాడ అని నేను అడగల్నా?”

అది పెనుకొండ పెళ్లికూతురి చీర. శుక్రవారానికి చేరాలి. పడుగు ఇంకా మిగిలి ఉంది కనుక కొంగు మళ్లీ నేయొచ్చు గానీ, తప్పు ఎవరి నెత్తిన పడుతుందన్నదే ప్రశ్న. చెన్నకేశవులు వచ్చి, కళ్లద్దాలు పైకెత్తి, కొంగును చాలాసేపు చూశాడు. మధ్యాహ్నం లోపల ఇది ఎవరి పనో తేలాలన్నాడు. ఈ పిల్ల కంప్యూటరు నుంచే జారిపడిందని తేలితే వెబ్‌సైటూ వద్దు, ఏమీ వద్దు, ఆ సంగతి బజారులో ప్రతి అంగడికీ తానే చెబుతానన్నాడు. ధర్మవరం బజారులో పోయిన పేరు హిందూపురంలో దొరకదు.

ఈలోగా పక్క మగ్గాలవాళ్లు వచ్చారు. ఇంటర్నెట్టులో పెట్టిన బొమ్మలు వాటంతట అవే కారిపోతాయని ఒకరన్నారు. ఇది మరమగ్గాలవాళ్ల కుట్రని ఇంకొకరు తేల్చారు. పావుగంటలో అది డిజైను దొంగతనమైంది, అరగంటలో ముఠా అయింది. సాక్ష్యం కోసమని తలా ఒక ఫొటో తీసుకున్నారు. వాళ్లలో ఇద్దరు, ఆ అడ్డగీతలు కొంచెం సన్నగా ఉంటే బాగుండేవని సుచిత్రకు సలహా కూడా ఇచ్చారు.

అప్పుడే పెనుకొండ నుంచి కిరణ్ ఫోను చేశాడు. ఆమె గీసినదాన్ని నిజం వెబ్‌సైటుగా మార్చేవాడు అతనే. రేపు మాట రాకూడదని, ఖాయమైన నమూనాను సావుకారే నేరుగా కిరణ్‌కు పంపేట్టు ఆమె మొదటే ఏర్పాటు చేసింది.

“అక్కా, రెండు వేల ఎనిమిది వందల గళ్లకు లింకులు పెట్టినా,” అన్నాడతను అలసటగా. “ఇంక చిలక ముక్కు ఉండాది. అది నొక్కితే యా పేజీ రావల్ల?”

“చిలక యాడిది రా?”

“హోంపేజీలోదే. సావుకారు పంపిన బొమ్మలో చిలకలు, మామిడి పిందెలు ఉండాయి గదా. ఈసారి అక్క శానా కష్టపడిందని మా అమ్మకు గూడా చెప్తి.”

సుచిత్ర ఫోను పెట్టేసింది. తన టూలు తెరిచి, నమూనా లింకును ఎవరెవరు చూశారో చూపించే పట్టిక నొక్కింది. అందులో ఒక్కటే పేరు ఉంది. పోయిన వారం మంగళవారం తొమ్మిదింబావుకు ఆ పేరుగల మనిషి నమూనాను బొమ్మగా దించుకున్నాడు. ఆమె ఫోనును చెన్నకేశవులు వైపు తిప్పింది.

ఎర్రప్ప తొంగి చూసి, పని ఉన్నట్టు మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. చుట్టూ చేరినవాళ్లు ముఠా సంగతి మరిచిపోయారు.

చెన్నకేశవులు అద్దాలు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

“నేనే పంపినానమ్మా. కిరణ్‌కు ఒకటి, అట్టలంగడికి ఒకటి, రెండూ నేనే పంపినా. పొరపాటున గాదు, ఆలోచించే పంపినా; అందుకే కొంగు చూసినాక గూడా తప్పు నీ బొమ్మలోదే అనుకుంటి. చీర నేతకని గళ్లకాగితం మీద గీయించిన గ్రాఫూ, నీ బొమ్మా ఒగే దినం వచ్చినాయి. ఒగదాంట్లో చిలకలూ పిందెలూ, కళకళలాడతాండాది. ఇంకోదాంట్లో వట్టి గళ్లు. పెండ్లికూతురేమో సింపుల్‌గా ఉండల్ల అనె. వెబ్‌సైటు చూస్తే లోకం నోరు తెరవల్లని నేనంటి. ఇంక ఏది యాడికి పోవల్లో చిన్నపిల్లోనికైనా తెలుస్తాది గదా? గ్రాఫు గీసినోడూ నువ్వూ తారుమారు చేసి పంపినారనుకోని నేను సరిచేసినా. పెద్దోణ్ణి, అప్పుడు మీ తప్పు పైకి చెప్పకూడదని ఊరికే ఉంటి.”