నోమా కుట్టిన నీలం చొక్కా

అక్టోబరు మూడో శనివారం, జింకల వేట మొదలయ్యే రోజున, లామార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఒక జింకను కొట్టాలి. పదింటికల్లా ఇంటికి చేరి, దాని వెన్నుమాంసం ఉల్లిపాయలతో వెన్నలో వేయించడం మొదలుపెట్టాలి. పన్నెండింటికి నోమా వస్తుంది. ఆమె ముందు పళ్ళెం పెట్టి, ఎనిమిది నెలలుగా గొంతులో ఇరుక్కున్న మాటను బయటికి తియ్యాలి. "నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు, వచ్చెయ్." అంతే.

నోమా లామార్ భార్య. అక్క మోకాలి ఆపరేషన్‌కి సాయంగా ఉంటానని ఫిబ్రవరిలో పట్నం వెళ్ళింది. వెళ్ళింది మూడు వారాలకే. అక్క మోకాలు కుదుటపడి, ఆవిడ ఇప్పుడు చర్చి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతోంది గానీ, నోమా మాత్రం తిరిగి రాలేదు. గొడవేమైనా జరిగిందా అంటే అదీ లేదు. గొడవ జరిగి ఉంటే సర్దుకోవడానికి ఒక దారి ఉండేది. లామార్ వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు. ఉప్పు డబ్బా ఎక్కడుంది, నీళ్ళ హీటర్ ఎందుకు మూలుగుతోంది, ఇవే అడిగేవాడు. ఆమె చెప్పేది. ఫోన్ పెట్టేశాక అతను వంటింటి కుర్చీలోనే కూర్చుండిపోయేవాడు. లేస్తే ఆ గొంతు గదిలోంచి వెళ్ళిపోతుందేమోనని అతని భయం.

రమ్మని అడగడానికేం రోగం అని మీరు అనవచ్చు. జార్జియా తీరంలో పుట్టి, ఈ ఉప్పునీటి చిత్తడి నేల పక్కన యాభై ఎనిమిదేళ్ళు బతికిన మగవాణ్ణి అడవిపందికి ఎదురెళ్ళమనండి, వెళ్తాడు. పెళ్ళాంతో ఆ ఒక్క మాట అనమనండి, పడవ కడిగి రావాలని లేచిపోతాడు. మేమంతా అలాంటివాళ్ళమే.

గురువారం ఆమే ఫోన్ చేసింది. "శనివారం మధ్యాహ్నం వస్తాను లామార్. నా కుట్టు మిషన్ తీసుకెళ్ళాలి. ఇక్కడ నలుగురూ బట్టలు కుట్టమని అడుగుతున్నారు. అక్క మిషన్ ఊరికే దారం తెంపేస్తోంది."

"సరే," అన్నాడు లామార్. ఆ తర్వాత అతనికి రెండు రాత్రులు నిద్ర లేదు. బట్టలు తీసుకెళ్ళిన మనిషి తిరిగి రావచ్చు. నోమా మిషన్ తీసుకెళ్ళిందంటే ఇక రానట్టే.

అందుకే శనివారం తెల్లవారి నీలం చొక్కా తొడిగాడు. పట్నం వెళ్ళే ముందు జనవరిలో ఆమె కుట్టిన ఆఖరి చొక్కా అది. ఇన్నాళ్ళూ దాన్ని ఒంటి మీద వేసుకోలేదు. అప్పుడప్పుడూ బీరువా తీసి, ఒకసారి తాకి, మళ్ళీ మూసేవాడు. ఇవాళ ఆమె చూడాలన్నది అతని ఆశ. కానీ మా క్లబ్బులో వేటకు మంచి చొక్కా వేసుకొచ్చేవాడికి మతి ఉన్నట్టు కాదు. జింక మీద తుపాకి పేల్చి గురి తప్పినవాడి చొక్కా తోకను, అంటే వెనక కింది అంచును, అక్కడికక్కడే కత్తిరించి, పేరూ తేదీ రాసి, క్లబ్బు గుడిసె గోడకు మేకుతో కొట్టడం మా తాతల నాటి నుంచీ ఉన్న ఆచారం. డెబ్భై నాలుగేళ్ళ ప్రెసిడెంటు హోయ్ట్ గారు వేట రోజుల్లో ఆ కత్తెరను మెడలో వేలాడదీసుకునే తిరుగుతారు. గోడ మీద లామార్‌వి ఆరు ముక్కలున్నాయి. ప్రతిసారీ నోమా తెగిన చోట మడిచి కుట్టి, చొక్కాను మళ్ళీ మనుషుల్లోకి తెచ్చేది.

ఏడున్నరకి లామార్ మంచె మీద కూర్చుని మాట సాధన చేస్తున్నాడు. "నువ్వు లేక ఇల్లు..." అని పైకే అని చూసుకున్నాడు. బాగాలేదనిపించింది. "ఇల్లు నువ్వు లేక..." అన్నాడు. అదీ బాగాలేదు. మూడోసారి మొదలుపెట్టి కిందకి చూస్తే, బోలెడు పంగల కొమ్ములున్న మగ జింక ఒకటి ఓక్ చెట్టు పక్కన నిలబడి తలెత్తి వింటోంది. లామార్ తుపాకి తీశాడు గానీ నోరు మాత్రం ఇంకా మాటలోనే ఉంది. తూటా వెళ్ళి ఓక్ చెట్టులో దిగబడింది. జింక తొందరేమీ పడకుండా చిత్తడి వైపు వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాల్లో హోయ్ట్ గారి ట్రక్కు వచ్చి మంచె కింద ఆగింది. "ఏం కొట్టావు లామార్?"

లామార్ చెయ్యి దానంతటదే చొక్కా అంచు మీదికి పోయింది. "పంది," అన్నాడు.

పంది మీద గురి తప్పితే మాకు శిక్ష లేదు. ఈ అడవిలో మనుషులకన్నా పందులే ఎక్కువ, వాటికి లెక్కా పత్రం ఎవరు చూస్తారు? కాకపోతే ఆగస్టు మీటింగులో కొత్త నిబంధన ఒకటి పెట్టుకున్నాం. పందిని కొట్టినవాడు దాన్ని వెతికి తెచ్చి చూపించాలి. దెబ్బతిన్న పందిని అడవిలో వదలకూడదు. ఆ మీటింగులో లామార్ వెనక బెంచీ మీద నిద్రపోయాడు.

"ఎంతుంటుంది?" అడిగారు హోయ్ట్ గారు.

లామార్ కళ్ళ ముందు ఇంకా జింకే ఉంది. చెయ్యి దాని ఎత్తుకే లేచింది.

"అంత పందా?"

"మరి మన మొక్కజొన్నంతా అవే తింటున్నాయి కదండీ."

"నల్లదా? భుజం మీద తెల్ల మచ్చ ఉందా?"

ఇంత దూరం వచ్చాక మచ్చ దగ్గర పేచీ ఎందుకని, "ఉన్నట్టే ఉంది," అన్నాడు లామార్.

హోయ్ట్ గారు టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నారు. "మా ఆవిడ పోయాక ఆవిడ నాటిన చిలగడదుంపల మడి ఒక్కటే నాకు మిగిలింది. వేసవిలో ఒక్క రాత్రిలో దాన్ని తవ్వి పారేసింది అదే పంది. పొద్దున లేచి చూస్తే ఏముంది, మన్ను." ఆయన టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. "నువ్వు నాకు చేసిన మేలు మరిచిపోను లామార్."

అప్పుడైనా నిజం చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా. ఈలోగా ఆయన ట్రక్కు హారన్ మూడుసార్లు మోగించారు. అందరూ మంచెలు దిగి రావాలని దానర్థం. వేట మొదటి రోజు పొద్దుట, ఏడాదంతా ఎదురుచూసిన పద్నాలుగు మంది గొణుక్కుంటూ మంచెలు దిగారు.

డెల్మస్ తన కుక్క బిస్కెట్‌ను తీసుకొచ్చాడు. డెల్మస్ నోమాకు తమ్ముడు. బిస్కెట్ పందుల కుక్క, జింక పక్కన నిలబడినా పట్టించుకోదు. డెల్మస్ నేలంతా చూసి, బావను పైనుంచి కిందికి చూశాడు.

"రక్తం చుక్క కూడా లేదేంటి బావా?"

"కొవ్విన పంది కదా. కొవ్వు అడ్డం పడితే రక్తం బయటికి రాదు."

ఇది నిజమే. అందరూ తలలూపారు. లామార్ ఆ ఉదయం చెప్పిన నిజం అదొక్కటే.

"కొత్త చొక్కాలా ఉందే," అన్నాడు డెల్మస్.

"పాతదే."

"పన్నెండింటికి అక్క వస్తుందిగా. నువ్వు ఇంటికెళ్ళు, పందిని మేం వెతుకుతాం."

లామార్‌కి బావమరిదిని కౌగిలించుకోవాలనిపించింది. కానీ హోయ్ట్ గారు ఒప్పుకోలేదు. "కొట్టినవాడు ముందు నడవాలి. అది మర్యాద. పద లామార్."

మర్యాద కోసం లామార్ ముందు నడిచాడు. ఎక్కడా లేని పంది ఎటు పోయిందని అడిగితే, నోటికొచ్చిన వైపు చూపించాడు. తొమ్మిదయింది. ఒక బురద గుంటలో బూటు ఒకటి పోయింది. పది దాటింది. ముళ్ళ తీగల దగ్గర అందరూ చేతులు గీరుకుంటుంటే, అతను మాత్రం చొక్కా చిరగకుండా రెండు చేతులూ పైకెత్తి నడిచాడు. ఒప్పుకుంటే చొక్కా పోతుంది, ఒప్పుకోకపోతే నోమా పోతుంది. పదకొండున్నరకి అతని మనసంతా ఇంటి వాకిట్లో ఉంది. ఆమె కారు ఆగి ఉంటుంది. తాళం తీసి ఉంటుంది. ఇల్లంతా చూసి, మనిషి వేటకే పోయాడనుకుని ఉంటుంది. ఎనిమిది నెలలుగా ఆమె కోసం కాచుకున్నవాడు, ఆమె వచ్చిన పూట లేని పందిని వెతుకుతూ ఒంటి బూటుతో తిరుగుతున్నాడు. తన మీద తనకే జాలేసింది.

పన్నెండున్నరకి బిస్కెట్ చెవులు నిక్కబొడుచుకుని పొట్టి తాటి పొదల్లోకి దూకింది. అందులోంచి మొదట ఒక పంది వచ్చింది. తర్వాత ఇరవై దాకా వచ్చాయి. క్లబ్బు గుడిసె వైపు బాట ఒక్కటే ఖాళీగా ఉండడంతో అన్నీ ఆ బాటే పట్టాయి. వాటి వెనక బిస్కెట్, దాని వెనక మగాళ్ళు. మగాళ్ళలో కొందరు పందులకు ముందున్నారు కూడా. లామార్ అందరికన్నా ముందు గుడిసె చేరి, వాకిట్లో ఉన్న ఓక్ చెట్టెక్కేశాడు.

చెట్టు కింద బల్లల మీద అందరికీ భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. పందులు బల్లలను పడగొట్టి, కూర కుండను దొర్లించి, మొక్కజొన్న రొట్టెలు ముగించి, హోయ్ట్ గారి కూతురు చేసి పంపిన చిలగడదుంపల తీపి రొట్టెలకు దిగాయి. మధ్యలో మనుషులూ ట్రక్కులూ ఉండడంతో ఎవరూ తుపాకి పేల్చలేకపోయారు. అన్నిటికన్నా పెద్ద పంది ఆఖరి తీపి రొట్టె ముందు నిలబడింది. నల్లది. భుజం మీద తెల్ల మచ్చ.

హోయ్ట్ గారు దాని చుట్టూ దూరం నుంచే నెమ్మదిగా తిరిగి చూశారు. "దీని ఒంటి మీద గీత కూడా లేదు," అన్నారు. తర్వాత తలెత్తి చెట్టు మీదికి చూశారు. "లామార్?"

అప్పుడే హారన్ మోతతో ఒక కారు వాకిట్లోకి వచ్చింది. పందులు బెదిరి చిత్తడి వైపు పరుగెత్తాయి. పెద్దది మాత్రం తీపి రొట్టె పూర్తి చేసుకుని వెళ్ళింది. కారులోంచి నోమా దిగింది. వెనక సీటులో కుట్టు మిషన్ సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. అది చూసేసరికి లామార్‌కి కొమ్మ మీద పట్టు జారినంత పనయింది.

"ఇంటి తాళంచెవి ఇచ్చి పోదామని వచ్చాను. లామార్ ఏడి?" అని తమ్ముణ్ణి అడిగింది.

డెల్మస్ పైకి చూపించాడు.

ఆమె తలెత్తింది. ఎనిమిది నెలల తర్వాత ఒకరినొకరు చూసుకోవడం అదే. లామార్‌కి సాధన చేసిన మాట గుర్తురాలేదు. ఆమె జుట్టు కాస్త నెరిసింది. అంత అందంగా ఆమె తనకెప్పుడూ కనిపించలేదని మాత్రం తెలిసింది.

"అది జింకే హోయ్ట్ గారూ," అన్నాడు కొమ్మ మీంచే. "గురి తప్పింది. పందీ లేదు ఏమీ లేదు. చొక్కా కోస్తారని అబద్ధం చెప్పాను. ఇది నోమా కుట్టిన ఆఖరి చొక్కా. ఇంకోటి కుడుతుందో లేదో నాకు తెలీదు."

పద్నాలుగు మంది పొద్దున్నుంచీ దాచుకున్న తిట్లు నోటిదాకా వచ్చి ఆగాయి. హోయ్ట్ గారు మెడలోంచి కత్తెర తీసి నోమా చేతికిచ్చారు. "నేను కొయ్యలేనమ్మా. నువ్వే చూసుకో."

"అదే మంచిది, మీరెప్పుడూ వంకరగానే కోస్తారు," అంది నోమా. "దిగు లామార్."

అతను దిగి, ఒంటి బూటుతో ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆమె అంచు వేళ్ళతో కొలిచి, తిన్నగా కోసింది.

"చాలా పొడుగుందే ఈ చొక్కా," అన్నాడు డెల్మస్.

"నాలుగు అంగుళాలు ఎక్కువ పెట్టే కుట్టాను. అక్టోబరులో ఈయన గురి తప్పుతాడని జనవరిలో నాకు తెలీదా?"

లామార్ వెనక్కి తిరగలేదు. అప్పటి తన ముఖం ఆమెకు కనిపించడం అతనికి ఇష్టం లేదు. "అంటే అక్టోబరుకి ఇక్కడే ఉంటాననుకున్నావా?"

"అనుకున్నాను. రమ్మంటావని కూడా అనుకున్నాను. ఫోన్ మోగినప్పుడల్లా అదేననుకునేదాన్ని. నువ్వేమో ఉప్పు డబ్బా అడిగేవాడివి."

"ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు నోమా. మొదటి రోజు నుంచీ తెలుసు."

ఆమె కత్తెర మూసి హోయ్ట్ గారికి తిరిగిచ్చింది. చొక్కా ముక్క ఆయనకే ఇవ్వబోయి, కాసేపు చేతిలో ఉంచుకుంది. "ఈ అంచు ఇలా వదిలేస్తే పోగులు లేస్తాయి," అంది చివరికి. "మిషన్ ఇంట్లో దింపు. ఒక్క అంచు కుట్టేసి వెళ్తాను. అరగంట పని."

ఇంటికి చేరగానే లామార్ మిషన్ మోసుకెళ్ళి కిటికీ దగ్గర దాని చోట్లో పెట్టాడు. ఆమె కారులోంచి దారాల పెట్టె తెచ్చుకుని లోపలికి వచ్చేసరికి, బీరువాలో మిగిలిన తొమ్మిది చొక్కాల తోకలూ కోసి, చొక్కాలన్నీ మిషన్ పక్కన వరసగా పేర్చి పెట్టాడు. ఆ రోజు లామార్ గురి తప్పనిది అక్కడొక్కచోటే.