గాలి ఎత్తిన బోర్డు

ఆ ఉదయం వడ్రంగి పెట్టుకున్న పని ఒక్కటే. బావమరిది కొత్తగా తెరుస్తున్న ట్యూషన్ గదికి చిరునామా రాసి తాను చేసిన బోర్డును పదింటిలోపు చేర్చి, గోడకు బిగించాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ పలక అది. బండి దొరక్క నెత్తిన పెట్టుకుని వంతెన ఎక్కాడు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే బావమరిది వెనక అంచు పట్టుకుని నడిచాడు.

వంతెన మధ్యలో ఎదురుగాలి మొదలైంది.

"ముందంచు కాస్త పైకెత్తు బావా," అన్నాడు బావమరిది. "విమానం రెక్క చేసేదీ అదే. ఎదురొచ్చే గాలిని కిందికి మళ్ళిస్తుంది. ఆ గాలి రెక్కని పైకి నెడుతుంది."

వడ్రంగి ఎత్తాడు. నెత్తిమీద బరువు దూదిపింజలా తేలిపోయింది. కింద ఏరు, పైన మబ్బు, నడుమ తాను. ముప్పై ఏళ్ళుగా కలప మోసిన మెడకు మొదటిసారి సెలవు దొరికినట్టుంది. కళ్ళు అరమోడ్చి ఇంకాస్త ఎత్తాడు. మడమలు లేచాయి.

రెక్క ఒంపు చేతులతో చూపిద్దామని బావమరిది అంచు వదిలేశాడు. సరిగ్గా అప్పుడే గాలి విసురు పెరిగింది.

"ముందు దించు బావా, ముందు దించు."

"ముందు దించుతాలే. తర్వాతేం చెయ్యాలో కూడా చెప్పు," అన్నాడు వడ్రంగి, మునివేళ్ళమీద తేలిపోతూ, కలలో పలికినట్టు.

"తర్వాతేం లేదు. ముందే."

"ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా."

ఈలోగా పలక నిట్టనిలువుగా లేచింది. రెక్కను మరీ ఎత్తితే దాని పైనుంచి పారే గాలి పట్టు తప్పుతుంది. అంతవరకూ దూదిలా ఉన్న పలక గోడలా మారి వడ్రంగిని వెనక్కి తోసింది. ఆయన వెళ్ళి బావమరిది మీద పడ్డాడు. పలక వంతెన గోడ దాటి ఏట్లో పడి, ట్యూషన్ చిరునామా ఆకాశానికి చూపిస్తూ తాపీగా సాగిపోయింది.

గట్టుమీద చూసినవాళ్ళు వడ్రంగి మూరెడు ఎగిరాడన్నారు. వీధి మలుపుకొచ్చేసరికి అది బారెడైంది. ఇద్దరూ కుంటుకుంటూ ట్యూషన్ గది చేరేసరికి జనం నోట ఆయన ఏరే దాటేశాడు. ఏట్లో చిరునామా చదువుకున్న తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని గుమ్మం దగ్గర కాచుకుని ఉన్నారు.

"ఎగిరిన మాస్టారు మీరేనాండీ? మా అమ్మాయి మీ దగ్గరే నేర్చుకుంటుందట."

బావమరిది నోరు తెరిచేలోగా వడ్రంగిని లోపలికి తోసుకుపోయారు. ఆయన నల్లబల్ల ముందు నిలబడి కాసేపు చెమట తుడుచుకున్నాడు. కళ్ళు మూసుకుంటే వంతెన మీది ఆ తేలిక ఇంకా ఒంట్లోనే ఉంది.

"గాలిని మనం కిందికి తొయ్యాలి. అది మనల్ని పైకి తోస్తుంది," అన్నాడు నెమ్మదిగా. "ఆశకి పోయి మరీ ఎత్తామా, చెయ్యి వదిలేస్తుంది. వదిలేదాకా మాత్రం, అమ్మా, ఒళ్ళు మనది కాదు."

పిల్లల చూపులన్నీ కిటికీలోంచి మబ్బుల్లోకి వెళ్ళిపోయాయి.

బావమరిది చివరి బెంచీలో చోటు చూసుకుని, పక్కనున్న అమ్మాయిని పెన్ను అడిగాడు.